అక్క కలిపిన అరమీటరు

రేవులో అందరికీ ఆవిడ అక్కే. ఆవిడకన్నా పెద్దవాళ్ళకు కూడా అక్కే. నిజానికి ఆవిడకు సొంత తమ్ముడు ఒక్కడే. కానీ పొద్దున్నే వైర్‌లెస్‌లో ఆవిడ గొంతు వినకుండా తాడు విప్పే పడవ ఆ రేవులో లేదు కాబట్టి, ఆ వరస అందరికీ అంటుకుపోయింది. మీసాలాయన ఒక్కడు మాత్రం "అమ్మాయ్" అంటాడు. ఆ రేవులో అందరికన్నా పాత పడవ ఆయనది, పాత మీసాలూ ఆయనవే.

రేవు ఆఫీసు మేడ మీద చిన్న గది అక్కది. ఒక బల్ల, మెడకు నల్ల టేపు చుట్టిన మైకు, దాని పక్కన పచ్చ దీపం వెలిగే సెట్టు, ఒక కన్ను మసకబారిన దుర్భిణీ, కిటికీ. ఆ గదిలో అసలు ఆస్తి కిటికీయే. అందులోంచి చూస్తే ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే మొగ అంతా కనిపిస్తుంది. ఉప్పుగాలికి అద్దం రోజూ మసకేస్తుంది, అక్క వచ్చీ రాగానే పాత తువ్వాలు ముక్కతో దాన్ని తుడుస్తుంది. ఆ తర్వాతే కుర్చీలో కూర్చుంటుంది.

తెల్లవారేసరికి వాతావరణ కేంద్రం నుంచి ఒక కాగితం వస్తుంది. గాలి ఎటునుంచి, ఎంత జోరు, అల ఎంత ఎత్తు, మంచు ఉందా లేదా, నీళ్ళు లోపలికి వచ్చే పోటు ఎప్పుడు, బయటికి తీసే పాటు ఎప్పుడు. అక్క దాన్ని రెండుసార్లు చదువుతుంది. మొదటిసారి వినేవాళ్ళ కోసం, రెండోసారి విన్నామనుకునేవాళ్ళ కోసం.

ఈ ఉద్యోగంలోకి ఆవిడను గొంతు చూసి తీసుకోలేదు. టైపు కొట్టడానికి తీసుకున్నారు. అప్పట్లో చదివే పెద్దమనిషికి ఒకరోజు జలుబు చేసి గొంతు పూడుకుపోతే, "ఇవాళ్టికి నువ్వు చదివెయ్" అన్నారు. చదివింది. ఆయన జలుబు తగ్గింది గానీ పడవలవాళ్ళు మళ్ళీ ఆయన్ని చదవనివ్వలేదు. పాపం, ఆ పెద్దమనిషి కొన్నాళ్ళు మొహం మాడ్చుకుని తిరిగి, బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. ఇంతకీ తమాషా ఏమిటంటే, ఇన్నేళ్ళలో అక్క ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదు. కట్టేసిన పడవను చూస్తేనే ఆవిడకు కడుపులో తిప్పుతుంది.

ఆవిడది అతిజాగ్రత్త. ఆ మాట ఎదురుగా అంటే ఒప్పుకోదు, "జాగ్రత్తలో అతి ఏముంది?" అంటుంది. ఎండ మాడిపోతున్నా సంచిలో గొడుగు ఉంటుంది. ఇంట్లో గోడ గడియారం కాస్త ముందుకు తిప్పి ఉంటుంది, ఎవరికీ ఎక్కడా ఆలస్యం కాకూడదని. ఆవిడ భర్త పడవల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే మనిషి, నిదానస్తుడు. ఆ గడియారాన్ని చూసి, ఆవిడ తిప్పినంతా మనసులోనే వెనక్కి తిప్పేసుకుని, తీరిగ్గా చెప్పులు వేసుకుంటాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఇద్దరూ ఆ గడియారం గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

ఇక తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడు చంకలో పిల్లాడు. అక్కే వాడికి స్నానం చేయించింది, అన్నం పెట్టింది, వీపు మీద రెండు వేసి బడికి పంపింది. అంత చేస్తే వాడు చివరికి పడవ కొన్నాడు. ఊళ్ళో ఇన్ని పనులుండగా ఇదేం పనిరా అని వారం రోజులు వాడితో మాట్లాడలేదు. మాటలు మానేస్తే మాత్రం ఏం, పొద్దున్నే మైకులో వాడికే కదా చదవాలి!

ఆ వారంలోనే మొదలైంది. కాగితం మీద అల ఒకటిన్నర మీటర్లని ఉంది. ఆ రేవులో ఒక కట్టుబాటు ఉంది: రెండు మీటర్లంటే ఎవరూ తాడు విప్పరు. ఒకటిన్నరంటే విప్పుతారు. అక్క కళ్ళు ఒకటిన్నర చూశాయి, నోరు రెండు అంది. అబద్ధం ఆడుతున్నానని ఆవిడ అనుకోలేదు. చలేస్తుందేమోనని పిల్లాడికి ఇంకో చొక్కా తొడిగినట్టు, ఒక అరమీటరు తొడిగింది, అంతే. ఆ రోజు తమ్ముడు వెళ్ళలేదు. హాయిగా ఊపిరి పీల్చుకుంది. మర్నాడూ కలిపింది. ఒక్కడి కోసం కలిపితే అందరికీ కలిపినట్టేగా, మైకు ఒకటే ఉంది మరి.

తన లెక్క మూడో కంటికి తెలియదని అక్క ధీమా. అక్కడే ఆవిడ పప్పులో కాలేసింది. పుట్టినప్పటినుంచీ నీళ్ళమీద బతికేవాళ్ళకు అల ఎత్తు ఒకరు చెప్పాలా? అక్క రెండన్న రోజున గట్టు మీద నిలబడి చూస్తే మీసాలాయనకు ఒకటిన్నరే కనిపించింది. ఒకసారి కనిపించింది, రెండుసార్లు కనిపించింది, మూడోసారి ఆయన మీసం కింద నవ్వుకుని అందరికీ చెప్పాడు. "అమ్మాయి అరమీటరు కలుపుతోందిరా. మనం తీసేసుకుందాం. ఆ పిల్లకి మాత్రం చెప్పకండి, నొచ్చుకుంటుంది."

అందరూ తీసేసుకోవడం మొదలుపెట్టారు. అందరికన్నా ముందు తమ్ముడు. అక్క రెండంటే వాళ్ళకు ఒకటిన్నర, వెళ్ళేవాళ్ళు. రెండున్నరంటే రెండు, ఆగిపోయేవాళ్ళు. లెక్క సరిపోయేది. ఆవిడ కలపడం, వాళ్ళు తీయడం, ఎవరికి వాళ్ళు ఎదుటివాళ్ళను కాపాడుతున్నామనుకోవడం. రెండన్న రోజున వెళ్ళినవాళ్ళను అక్క నిలదీస్తే, "పొద్దెక్కాక అల తగ్గిందక్కా, అప్పుడే విప్పాం" అనేవాళ్ళు; అసలంకె తెలిసిన ఆవిడ ఇంక గుచ్చి అడగలేకపోయేది. అలా ఏళ్ళు నడిచిపోయాయి. చాటుగా ఆవిడకు అరమీటరక్క అని పేరు కూడా పెట్టారు. ఆ పేరు ఊరంతటికీ తెలుసు, ఆవిడకు తప్ప.

ఇలా ఉండగా రేవుకు కొత్త ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడే గానీ ఒద్దికైన మనిషి, గొంతు పెంచి మాట్లాడడం ఎరగడు. ఒక పొద్దున టీ గ్లాసు పట్టుకుని మేడ మీదికి వచ్చి, బల్ల మీది కాగితం చూస్తూ అక్క చదివేది విన్నాడు. ఆవిడ మైకు కట్టేసేదాకా ఆగాడు.

"అమ్మా, మీరు ఒకటి అని చదివారు. ఇందులో అర అని ఉంది."

"అయ్యో, అలాగా సార్! కళ్ళజోడు మార్చాలి," అంది అక్క, చెవులు ఎర్రబడిపోయి.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ కళ్ళజోడు మీదికి నెట్టింది. మూడోనాడు ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"మీరు ఎందుకు కలుపుతున్నారో నాకు అర్థమైందమ్మా. మీ తమ్ముడు కూడా వెళ్తాడటగా. కానీ ఏ రోజైనా వాళ్ళకి నిజం అంకె కావాల్సి వస్తే, అది చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. కాగితంలో ఉన్నదే చదవండి. ఇంక నేనేమీ అడగను."

కోప్పడి ఉంటే అక్క కూడా నాలుగు మాటలు అనేది. ఆయన కోప్పడలేదు. పైగా ఆయన చెప్పింది సబబుగానే ఉంది, అదీ ఆవిడకు మింగుడుపడని సంగతి. మర్నాటినుంచి ఉన్నదున్నట్టు చదవడం మొదలుపెట్టింది. అర అంటే అర. ఒకటి అంటే ఒకటి. చదివిన ప్రతిసారీ పిల్లాణ్ణి చొక్కా లేకుండా చలిలోకి పంపినట్టే ఉండేది ఆవిడకు.

సముద్రం మంచి మీద ఉంది. రోజులు ప్రశాంతంగా గడిచాయి. అల చిన్నదైనప్పుడు అరమీటరు తేడా ఎవరికీ తట్టదు కాబట్టి, అక్క కలపడం మానేసిందని రేవులో ఒక్కరూ పోల్చుకోలేదు. తాను మానేసినట్టు చెప్పాలని అక్కకూ తోచలేదు. చెప్పాలంటే ముందు కలిపినట్టు ఒప్పుకోవాలి కదా!

ఒక పొద్దున కాగితం మీద రెండు మీటర్లని వచ్చింది. ఎక్కడో దూరాన గాలివాన రేగిందట, ఇక్కడ గాలి లేదు గానీ అక్కడి అల ఇక్కడిదాకా వస్తుందని రాసి ఉంది. అక్క మనసు కుదుటపడింది. కలపనక్కర్లేదు, ఇవాళ కాగితమే రెండంటోంది, ఎవరూ వెళ్ళరు. స్థిమితంగా చదివింది. "అల ఎత్తు రెండు మీటర్లు." మళ్ళీ చదివింది. "రెండు మీటర్లు." మైకు కట్టేసి, టీ పోసుకుని, కిటికీ దగ్గరికి వచ్చి చూస్తే ఏముంది, నాలుగు పడవలు ఒకదాని వెనక ఒకటి పోటు నీటి మీద నింపాదిగా మొగ దాటి పోతున్నాయి. ముందు పోతున్నది మీసాలాయన. ఆఖరిది తమ్ముడిది.

గ్లాసు బల్ల మీద పెట్టి మైకు అందుకుంది.

"ఒరేయ్, ఎక్కడికిరా? చదివింది వినలేదా?"

"విన్నానక్కా. రెండేగా!" ఇంజను మోతలోంచి తమ్ముడి గొంతు హుషారుగా వచ్చింది. "పర్లేదులే, తొందరగానే వచ్చేస్తాం."

రెండేనట! అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్ళయి పిల్లలున్నవాడు, రేవు కట్టుబాటు కూడా లక్ష్యం లేదు వీడికి. ఇంటికి రానీ చెప్తాను అనుకుంది. ఆ పెద్ద మీసాలాయన బుద్ధి ఏమైందో! పిలిచి అడుగుదామంటే, తనకు తెలియని లెక్కేదో వాళ్ళ దగ్గర ఉన్నట్టుంది, అడిగితే చిన్నతనమేమో అనిపించింది. అడగలేదు.

ఆ మొగ సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ నీళ్ళ కింద పెద్ద ఇసుక మేట ఉంది. పోటు మీద అయితే దాని పైనుంచి పడవ సాఫీగా జారిపోతుంది. పాటు తీసేటప్పుడు అలా కాదు. ఏటి నీళ్ళు బయటికి తోసుకుపోతుంటాయి, సముద్రపు అల లోపలికి తోసుకొస్తుంది. రెండూ ఆ మేట మీద కలియబడతాయి. అక్కడ అల నిట్టనిలువుగా లేచి విరుగుతుంది. పైగా బయటినుంచి వచ్చేవాడికి అల వీపు కనిపిస్తుందే గానీ మొహం కనిపించదు. వీపు చూసి చిన్నదే అనుకుంటాడు. అందుకే తిరిగి వచ్చేటప్పుడు మేడ గదిని అడగకుండా మొగ దాటకూడదని రేవులో అలవాటు. మేడ గది అంటే అక్క.

పొద్దెక్కింది. నీళ్ళు తీయడం మొదలై జోరందుకుంది. అక్క దుర్భిణీలో బాగున్న కన్నుతో చూస్తూనే ఉంది. మేట మీద ముందు ఒక తెల్ల గీత పడింది, తర్వాత గీతలన్నీ కలిసి ఒకటే తెలుపైపోయింది. వచ్చే ప్రతి అలా గోడలా లేచి, ఒక్క క్షణం నిలబడి, కూలిపోతోంది. గట్టు చివర పాతిన దీపస్తంభానికి సగం దాకా నురగ ఎగురుతోంది. కిటికీ మూసి ఉన్నా ఆ చప్పుడు గదిలోకి వస్తోంది. అదే సమయానికి దూరంగా నాలుగు పడవలూ రేవు వైపు తిరిగి కనిపించాయి.

"అక్కా, వచ్చేస్తున్నాం. బయట అంత బాగా లేదు. మొగ ఎలా ఉంది?" తమ్ముడు.

"రాకండి. అక్కడే ఆగండి. మేట మీద రెండున్నర లేస్తోంది. పాటు తగ్గేదాకా లోతు నీళ్ళలోనే ఉండండి."

మీసాలాయన, మిగతావాళ్ళతో అంటున్నట్టుగా, "రెండున్నరేనట" అన్నాడు. పడవలు ఆగలేదు. మెల్లగా మొగ వైపే వస్తున్నాయి.

"ఒరేయ్, వినపడుతోందా? రెండున్నర అంటున్నాను!"

"వినపడిందక్కా," అన్నాడు తమ్ముడు, చిన్నపిల్లకు నచ్చజెప్పే గొంతుతో. "రెండున్నరలో నీ అర తీసేస్తే రెండేగా. రెండులో ఇదివరకు దాటాంలే. నువ్వు కంగారుపడకు."

అక్కకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. నీ అర. నీ అర అంటే? ఆ తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. పొద్దున "రెండేగా" ఎందుకన్నాడో, కట్టుబాటు మీరని మీసాలాయన ఎందుకు తాడు విప్పాడో, ఇన్నేళ్ళుగా తాను రెండన్న రోజుల్లో కూడా ఒక్కో పడవ ఎందుకు మెల్లగా జారుకునేదో. వాళ్ళు కట్టుబాటు తప్పలేదు. తాను చెప్పిన అంకెను తాను నేర్పిన లెక్కలోనే విన్నారు. ఈ పూట ఆ నలుగురూ అక్కడ ఉన్నారంటే తనవల్లే ఉన్నారు.

మెట్ల మీద అడుగుల చప్పుడై కొత్త ఆఫీసరు లోపలికి వచ్చాడు. కిటికీలోంచి చూసి ఆయన మొహం పాలిపోయింది. "ఎందుకు ఆగడం లేదమ్మా?"

"నా మాట నమ్మడం లేదు సార్," అంది అక్క. అని, ఆయన ముందే మైకు నొక్కింది. ఆ మైకులో మాట్లాడితే రేవంతా వింటుంది, ఇళ్ళలో సెట్లు పెట్టుకున్నవాళ్ళూ వింటారు. విననీ అనుకుంది.

"తమ్ముడూ, అందరూ కూడా వినండి. ఇన్నేళ్ళూ నేను అర కలిపే చదివాను. అది నిజం. ఈమధ్య కలపడం మానేశాను. మానేసినట్టు మీకు చెప్పలేదు. ఇవాళ పొద్దున రెండంటే రెండే. ఇప్పుడు రెండున్నరంటే రెండున్నరే. రాకండి."

తమ్ముడు చిన్నగా నవ్వాడు. "మమ్మల్ని ఆపడానికి ఇదో ఎత్తా అక్కా?"

ఏం చెప్తే నమ్ముతారు? ఇంకొంచెం పెంచి మూడు అంటే, నాలుగు అంటే? దాంట్లోంచీ తీసేస్తారు. ఒట్టు పెడితే అక్క ప్రేమ అనుకుంటారు. ముందు పడవ మేటకు దగ్గరవుతోంది. అప్పుడు ఒక్కటి తట్టింది.

"నా మాట పక్కనపెట్టరా. నువ్వు బయటికి వెళ్ళి వచ్చావు కదా. నీ కంటితో చూశావు. బయట అల ఒకటిన్నర ఉందా, రెండు ఉందా? నాకోసం కాదు, ఉన్నది చెప్పు."

అక్క మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"రెండుంది," అన్నాడు తమ్ముడు. గొంతులో నవ్వు లేదు. "నేనూ అదే అనుకుంటున్నానక్కా ఇందాకటినుంచి. ఒకటిన్నర ఉండాలి కదా, ఇంత ఎందుకుందా అని."

"పొద్దున నేను ఎంత అన్నాను?"

"రెండు."

"మరి?"

మీసాలాయన గొంతు అడ్డొచ్చింది, గట్టిగా. "తిప్పండిరా! అమ్మాయి కలపలేదు. తిప్పండి!"

ముందు పడవ ముక్కు పక్కకు తిరగడం అక్క చూసింది. అది తిరుగుతుండగానే, అది తిరక్కపోతే ఉండే చోట ఒక అల లేచి విరిగింది. మిగతా మూడూ తిరిగాయి. అక్క మైకు వదిలి కుర్చీలో కూర్చుంది. ఆఫీసరు కిందికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ఆ తర్వాత మిగిలింది కాచుకోవడమే. మేట అవతల లోతు నీళ్ళలో నాలుగు పడవలూ అలకెదురుగా ముక్కులు పెట్టి ఊగుతూ ఉండిపోయాయి. అక్క కుర్చీ వదల్లేదు. మధ్యమధ్యలో నీళ్ళు ఎంత తీశాయో చెప్తోంది. వాళ్ళు ఊసుపోక మాటలు మొదలుపెట్టారు.

"అయితే అక్కా, మాకు తెలుసని నీకు నిజంగా తెలీదా?"

"తెలీదు. ఎవరూ చెప్పలేదుగా!"

"చెప్తే నువ్వు నొచ్చుకుంటావని మీసాలాయన చెప్పొద్దన్నాడు."

"అవునమ్మాయ్," అన్నాడు మీసాలాయన. "తప్పే చేశాం. మా మీద అంత ప్రాణం పెట్టుకుని నువ్వు కలుపుతుంటే, మానెయ్ అని ఎలా చెప్తాం?"

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సిగ్గుగా ఉంది, దుఃఖంగా ఉంది, వాళ్ళమీద ఎక్కడలేని ప్రేమగానూ ఉంది. అన్నీ కలగాపులగమై ఏది ఎంతో తేలడం లేదు. పక్కన నిలబడ్డ ఆఫీసరు మెల్లగా అన్నాడు. "నాదీ తప్పుందమ్మా. కలపడం ఆపమన్నాను గానీ, వింటున్నవాళ్ళు ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారో కనుక్కోలేదు. ఆపేసినట్టు వాళ్ళకి చెప్పనూ లేదు."

"మీరు నిన్నగాక మొన్న వచ్చారు సార్. మీకెలా తెలుస్తుంది?" అంది అక్క. ఆయన మీద ఉన్న కాస్త కోపమూ అప్పటితో పోయింది.

ఎండ వాలింది. పాటు ఆగిపోయి, నీళ్ళు కొంతసేపు ఎటూ కదలకుండా నిలబడి, మెల్లగా లోపలికి తిరిగాయి. మేట మీద తెలుపు విడిపోయి గీతలయింది, గీతలు పలచబడ్డాయి. అయినా అక్క వెంటనే రమ్మనలేదు. కాస్త ఆగింది. అదైతే అతి కాదు, మొగ దగ్గర అంతమాత్రం ఆగాలి. ఆ తర్వాత ఒక్కొక్కరినే పిలిచింది. మీసాలాయన వచ్చాడు, తర్వాత ఇద్దరు వచ్చారు. ఆఖరున తమ్ముడి పడవ మేట మీద ఒక్కసారి ఎత్తుగా లేచి, దిగి, ఏటి నీళ్ళలోకి వచ్చేసింది. అక్క కిందికి పరుగెత్తింది. తమ్ముడు గట్టు ఎక్కగానే, పెళ్ళయి పిల్లలున్నవాడని కూడా చూడకుండా, వాడి వీపు మీద రెండు వేసింది. వాడు తడి బట్టలతోనే ఆవిడను పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే అక్క అద్దం తుడిచి, కూర్చుని, కాగితం చూసింది. సముద్రం శాంతించింది. అల ఒకటిన్నర మీటర్లు. నోరు తెరవగానే అలవాటు చొప్పున రెండు అనబోయి, ఆగి, ఉన్నది చదివింది. "ఒకటిన్నర మీటర్లు." రెండోసారి చదివేటప్పుడు, "ఏమీ కలపలేదు" అని కూడా చేర్చింది.

కిటికీ దగ్గరికి వెళ్ళింది. మీసాలాయన తాడు విప్పాడు. ఇంకో రెండు పడవలు విప్పాయి. తమ్ముడి పడవ మాత్రం గట్టునే ఉంది. వాడు అందులోనే కూర్చుని ఉన్నాడు.

"ఏరా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందక్కా. నువ్వు కలపలేదన్నావుగా, అందుకని నేనే ఒక అర కలుపుకున్నాను. రెండైంది. రెండైతే వెళ్ళకూడదుగా."

అక్క మొగ వైపు చూసింది. పోటు నిండుగా ఉంది, మేట మీద ఒక్క తెల్ల గీత కూడా లేదు. వాడు భయపడడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళూ ఏ మాట వాడి నోట వినాలని కలుపుతూ వచ్చిందో ఆ మాట విన్నది, వింటే సంతోషం కలగలేదు. మైకు దగ్గరికి తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక తమ్ముడికి ఆవిడ ఇలా చెప్పడం అదే మొదటిసారి.

"తీసెయ్‌రా దాన్ని. ఒకటిన్నరే ఉంది. వెళ్ళిరా."